గురువు రాశి మారాక

లోకమంతటా చమురుకు కటకట ఏర్పడి, ఊళ్లో పూటకో గంటైనా కరెంటు ఉండని రోజుల్లో టీవీ సిద్ధాంతి మాటకు ఎక్కడలేని విలువ వచ్చింది. చమురు కరువొచ్చినప్పుడల్లా శని, గురువు ఏ రాశుల్లో ఉన్నారో ఆయన పటం గీసి చూపించేవాడు. "గురువు రాశి మారనివ్వండి. వచ్చే నెలాఖరుకల్లా కరెంటు కష్టాలు తీరిపోతాయి" అన్నాడు.

ఆయన చెల్లెలికి చేపల రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీ ఉంది. కరెంటు లేక యంత్రాలు ఆగిపోయాయి. కంప్రెసర్ కొంటానని పొరుగూరి నుంచి ఒకాయన వచ్చాడు. ఆమె భర్త సరేననబోయాడు.

"తొందరపడకండి. మా అన్నయ్య నెలాఖరన్నాడు కదా."

"మీ అన్నయ్య ఊరందరికీ చెప్పాడు. నిన్ను విడిగా పిలిచి చెప్పాడా?"

"ఊరికి ఒకటీ నాకు ఒకటీ చెబుతాడా?"

వచ్చినాయన వేరేచోట కొనుక్కున్నాడు.

గురువు మారాడు. కరెంటు రాలేదు. పనివాళ్లు తలో దారీ చూసుకున్నారు. ఉప్పుగాలికి కంప్రెసర్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. తుక్కు కొనేవాళ్లు దాన్ని ముక్కలుగా కోస్తుంటే ఆమె భర్త గదిలోంచి బయటికి రాలేదు. ఆమె మాత్రం చివరి ముక్క బండికెక్కేదాకా అక్కడే నిలబడి, అటునుంచి అటే స్టూడియోకు వెళ్లింది.

బయట జనరేటర్ మోత, లోపల వణికించే ఏసీ చలి. అన్నయ్య మెడకు తువాలు కట్టుకుని మేకప్ గదిలో కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఆ నెలాఖరన్నది నీకు గ్రహాల్లో కనబడిందా?"

"గురువు మారడం నిజమేనమ్మా. నా లెక్క తప్పదు."

"నేనడిగింది కరెంటు సంగతి."

ఆయన గొంతు తగ్గించాడు. "జనం సబ్‌స్టేషన్ల మీద పడుతున్నారు, ఏదో ఒక గడువు చెప్పి చల్లార్చమన్నాడు ఛానెల్ యజమాని. మంచికే కదా అనుకున్నాను. నువ్వు కూడా నమ్ముతావనుకోలేదు."

"నేను నమ్మక నిన్నింకెవరు నమ్ముతారు?"

"ఒక్కసారి ఫోన్ చేసుంటే..."

"చేస్తే ఏం చెప్పేవాడివి?"

ఇంతలో మేనేజరు తలుపు తోసుకొచ్చాడు. "గురువుగారూ, టైమైంది. ఈసారి శని వక్రించాడనండి. ఇంకో మూడు నెలలు చాలు."

"కూర్చోమ్మా, అయ్యాక మాట్లాడుకుందాం" అని ఆయన తువాలు విప్పి లేచాడు.

నడవాలోని అద్దాల కిటికీలోంచి ఆమె చూసింది. ఆయన మాట ఎక్కడా తడబడలేదు. చిన్నప్పుడు డాబామీద తనకు చుక్కల పేర్లు నేర్పిన గొంతే అది. ఆమె ఆగకుండా వచ్చేసింది.

తర్వాత భార్యాభర్తలు ఇంకొకరి షెడ్డులో చేపలు ఎండబెట్టే పనికి కుదిరారు. ఒకనాడు పక్కన పనిచేసే ఆవిడ అడిగింది: "మీ అన్నగారు మూడు నెలలన్నారటగా? డీజిల్ దొరక్క మా ఆయన పడవ అమ్మేద్దామంటున్నాడు."

"బేరం వస్తే ఇవాళే అమ్మెయ్యండి."

"అదేంటమ్మా, ఆయనంత గట్టిగా చెబుతుంటే?"

"ఆయనకేమీ తెలీదు. నా మాట వినండి."

ఆవిడ మూతి ముడిచింది. "తోడబుట్టినవాడి పేరు చూసి ఇంత కుళ్లు పనికిరాదు" అంటూ బుట్ట ఎత్తుకుని అవతలి వరుసలోకి వెళ్లిపోయింది.

వాళ్లు పడవ అమ్మలేదు.