చెవులున్న గోడలు

క్లెమెంటినాకు ఒళ్ళు మండిపోయింది. పోజ్నాన్ నగరంలోని పోలిష్ నాటకశాలలో నలభై ఏళ్ళుగా రాణి వేషాలూ దాసీ వేషాలూ వేసిన తన చెంపకు ఈ పూట మైకు అతికించారు!

“గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడలకు నిజంగానే ఉన్నాయి నాయనా,” అంది దర్శకుడు ఓస్కార్‌తో. “మనకంటూ దేశమే లేని రోజుల్లో, బళ్ళలో మన మాట నొక్కేస్తుంటే, చందాలెత్తి కట్టుకున్న హాలిది. ముందు గోడ మీద ‘జాతి తనకోసం’ అని రాసుకున్నారు. మైకు కోసం అని రాసుకోలేదు!”

“అందరికీ పెట్టానండీ. మీ ఒక్కరికే కాదు.”

“అందరూ మూగవాళ్ళా?”

మొదటి ప్రదర్శనకు తెర లేచే వేళయింది. “కాళ్ళు విరగాలి, క్లెమెంటినా గారూ!” అని ఓస్కార్ శుభం పలికాడు. ఆమె పెదవి బిగించింది. ఆ దీవెనకు ధన్యవాదాలు చెబితే నాటకం చెడుతుందని నాటకాలవాళ్ళందరికీ తెలుసు. చెప్పే ఉద్దేశం ఎలాగూ లేదు కనక ఆ ఆచారం ఆమెకు భలే కలిసొచ్చింది.

చివరి అంకంలో ముసలి రాణి ఒంటరిగా మాట్లాడాలి. ఆ మాటల కోసమే ఆమె ఇన్నేళ్ళూ కాచుకుంది. వేదిక పక్క సైడ్‌వింగులో మైకు పీకి ఓస్కార్ చేతిలో పడేసింది.

“ఇప్పుడు విను,” అని వేదికెక్కింది.

నాలుగు మాటలైనా కాలేదు. పై బాల్కనీ నుంచి ఎవరో ముసలాయన గొంతు వచ్చింది.

“కాస్త గట్టిగా అమ్మా! మా ఆవిడకి వినబడట్లేదు.”

ఆమె గొంతు పెంచింది. అది చీలి దగ్గులోకి దిగింది. మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి ముందు వరసలవాళ్ళు కూడా మెడలు చాచారు. ఛీ ఛీ! ఇన్నేళ్ళు కూడు పెట్టిన గొంతు సరిగ్గా ఈ పూటే మొండికెయ్యాలా? ఆమెకు ఏడుపొచ్చింది.

రాణి నడకతోనే సైడ్‌వింగు దాకా వెళ్ళి చెంప చూపింది. ఓస్కార్ మైకు అతికించాడు. ఆమె తిరిగొచ్చి మొదటి మాట నుంచీ అందుకుంది. బాల్కనీ కిక్కురుమనకుండా వింది.

చప్పట్ల మధ్య తెర పడింది.

“నా గొంతు పోయిందని నీకెప్పటి నుంచి తెలుసురా?”

“మొదటి రిహార్సల్ నుంచే.”

“చెప్పి ఏడవొచ్చుగా!”

“నోరు రాలేదండీ. మీ ఒక్కరికే పెడితే ఊరుకునేవారా? అందుకే అందరికీ పెట్టాను.”

ఆమెకు ఇంకా కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

“వెధవా,” అంది. “ధన్యవాదాలు,” అంది.

మైకు ఆపడం ఇద్దరూ మరిచిపోయారు. తెర అవతల హాలంతా నిశ్శబ్దం. పై నుంచి ముసలాయన గొంతు వచ్చింది.

“ఇప్పుడు బాగా వినబడిందమ్మా!”