వ్యానులో ఈల

ఆ వ్యాను మూడోసారి వచ్చి షాపు ముందు ఆగినా మునికృష్ణకు కోపం రాలేదు. కోపం తెచ్చుకునే ఓపిక లేదు. పొద్దున్నుంచి ఒక జీపు డైనమో విప్పి బిగించేసరికి నడుము పట్టేసింది. అలిపిరి రోడ్డులో ముప్పై ఏళ్లుగా కార్లకూ లారీలకూ వైరింగు చేస్తున్న మనిషి. చేసిన పని తిరిగి రావడం ఆయనకు అలవాటు లేదు.

రెండు నెలల కిందట ఆ వ్యానులో కంప్యూటరు బిగించింది ఆయనే. చూపులేని పిల్లలకు చదువు చెప్పే చిన్న సంస్థ వాళ్లది. నగరి చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతూ, కంప్యూటరులో రికార్డు చేసుకున్న పాఠాలు వినిపిస్తారు. ఊళ్లలో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో చెప్పలేరు గనుక అన్నీ వ్యాను బ్యాటరీ మీదే నడవాలి. అందుకని బ్యాటరీ నుంచి లావు వైరు లాగి, ఇన్వర్టరు పెట్టి, దానికి కంప్యూటరు తగిలించాడు. వెనక సీటు కింద ఆంప్లిఫయరు, తలుపులకు రెండు స్పీకర్లు. బ్యాటరీ దిగిపోకుండా పాఠం నడిచినంతసేపూ ఇంజను ఆన్‌లోనే ఉంచేవాళ్లు.

ఇంజను ఆన్‌లో ఉంటే స్పీకర్లలో సన్నగా ఈల వస్తోందని డ్రైవరు ధనంజయ మొదటిసారి వచ్చి చెప్పినప్పుడు మునికృష్ణ చెవి ఆనించి విన్నాడు. ఏమీ లేదు. పంపించేశాడు. రెండోసారి వస్తే పోరు పడలేక స్పీకర్లే మార్చాడు. ఈసారి పాఠాలు చెప్పే రేవతి కూడా వచ్చింది. ఆమెకూ చూపు లేదు. ధనంజయ మోచేయి పట్టుకుని నడిచి వచ్చి స్టూలు మీద కూచుంది.

"ఆ ఈల పోలేదన్నా. పిలకాయలు పది నిమిషాలకే తలనొప్పంటా ఉండారు. మాకు ఉండేది చెవులే కదా."

"ఈల యాడుండాదమ్మా? రెండుతూర్లు సూసినా. మీకు మనసులో పడిపోయినట్టుంది."

రేవతి ఇంజను ఆన్ చెయ్యమని ధనంజయకు చెప్పింది. అతను ఆక్సిలేటరు తొక్కి వదిలాడు, మళ్లీ తొక్కాడు. మునికృష్ణ స్పీకరు పక్కనే వంగి నిలబడ్డాడు. ఇంజను రొద తప్ప ఆయనకేమీ తెలియలేదు.

అంతలో పక్క టీ కొట్టు వరదయ్య గ్లాసు తుడుచుకుంటూ తొంగి చూశాడు. "ఏందప్పా ఆ కీచు? పండ్లు జివ్వుమంటా ఉండాయి."

మునికృష్ణ నిదానంగా నడుము ఎత్తాడు. కుక్కరు కూస్తుంటే పక్కనే కూచుని ఆపవేమని ఇంట్లో భార్య వరదమ్మ ఏడాదిగా సణుగుతోంది. సణగడం ఆమె గుణమనుకున్నాడు. ముప్పై ఏళ్లు, రోజుకు ఎన్ని లారీ హారన్లు, అన్నీ జానెడు దూరంలో కొట్టి చూసినవే. చేతిలోని టెస్టరును జేబులో పెట్టుకుని, మళ్లీ తీశాడు.

"అమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "నాకది వినపడడం లేదు."

"అయితే నా చెవులతో చెయ్యన్నా. నేను చెప్తా పోతా," అంది రేవతి.

స్టూలు వ్యాను పక్కకు జరిపారు. మునికృష్ణ లోపలికి దూరి, పవరు వైరు పక్కనే పోతున్న ఆడియో వైరును విడదీసి అవతలి వైపుగా లాగాడు.

"కొంచెం పల్సనయింది. పోలేదు."

కంప్యూటరు నుంచి ఆంప్లిఫయరుకు వచ్చే ఆ వైరునే పీకేశాడు.

"పోయింది. పూర్తిగా పోయింది."

అప్పుడు అర్థమైంది. కంప్యూటరుకు కరెంటిచ్చే ఇన్వర్టరు ఎర్తు బ్యాటరీ దగ్గర ఉంది. ఆంప్లిఫయరు ఎర్తును మాత్రం తను వెనక సీటు కింద బాడీకే స్క్రూ వేసి వదిలేశాడు. ఎర్తు రెండుచోట్లయితే ఇంజను డైనమో రొద అంతా పాఠం వచ్చే వైరులోకే జొరబడి ఈలవుతుంది. ఇది తెలియని పని కాదు. ఆ రోజు తొందరలో చేశాడు, విని సరిచూసుకోవాల్సిన చెవులేమో మోసం చేశాయి. మోకాళ్లు నొప్పి పెడుతున్నా మ్యాటు ఎత్తి, కొత్త వైరు ముందుదాకా లాగి, ఇన్వర్టరు ఎర్తు ఉన్న బోల్టు దగ్గర పెయింటు గీకి, రెండింటినీ ఒకేచోట బిగించాడు. పీకిన వైరు మళ్లీ తగిలించేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

"ఇప్పుడమ్మా?"

ఆమె తల వంచి విన్నది. ధనంజయ చేత మూడుసార్లు ఆక్సిలేటరు తొక్కించింది.

"లేదన్నా. ఇంజను సద్దు ఇంజన్లోనే ఉండాది."

పాఠం పెట్టి చూశారు. వానల గురించి ఎవరో ఆడమనిషి చెబుతోంది. ఆ గొంతు మునికృష్ణకు గుడ్డ చాటు నుంచి వస్తున్నట్టు వినిపించింది.

వెళ్లే ముందు రేవతి అడిగింది. "ఎప్పట్నించన్నా?"

"తెలీదమ్మా. ఈ పొద్దే తెలిసింది."

"పెద్దాసుపత్రిలో చెవులకు పరీక్ష చేస్తారు. పోయి సూపించుకో. మిగిలింది కాపాడుకోవల్ల గదా."

వ్యాను వెళ్లాక షట్టరు దించి బస్సెక్కాడు. ఆసుపత్రిలో ఓపీ పొద్దున్నే అయిపోయిందట, రేపు రమ్మన్నారు. తిరిగి బస్సెక్కే ముందు వరండాలో బెంచీ మీద కూచున్నాడు. పక్కన ఒక ముసలామె చీటీ చేత్తో పట్టుకుని ఏదో అడిగింది. మామూలుగా అయితే అర్థమైనట్టు తల ఊపేసేవాడు.

"నాకు సరిగ్గా వినపడదవ్వా," అన్నాడు. "ఇంకోతూరి చెప్పు."