ఎర్ర పట్టీ

మా మగవాళ్ళు నడుముకి కట్టుకునే కుచ్చుల లంగా, కిల్టు, ఇస్త్రీ చెయ్యడమంటే ఒక్కో కుచ్చునీ వేళ్ళతో సరిచేసుకుంటూ పోవాలి.

"రేపు క్లాసుకి అదే. గీత మీద గీత పడనివ్వకు ఊనా" అన్నాడు లాక్లన్, టీ తాగుతూ. పడదు. మా పెళ్ళయినప్పటి నుంచీ పడలేదు.

చర్చి హాల్లో మంగళవారాలు ఎదురెదురు వరుసల్లో జంటలుగా ఆడే కంట్రీ డాన్సు ఇదివరకు నేనే నేర్పేదాన్ని. మగవాళ్ళెప్పుడూ చాలరు. పొడుగుదాన్ని కనక, మగవాడి గుర్తుగా భుజం మీంచి ఎర్ర పట్టీ కట్టుకుని మగవాడి స్థానంలో నేనే నిలబడేదాన్ని. సంగీతం ఎడమ భుజం వైపు ఉంటే మగవాళ్ళ వరుస, కుడి వైపు ఉంటే ఆడవాళ్ళది. అంట్లు, అత్తగారి మందులు, లాక్లన్ చొక్కాలు ఆ వరుసలోకి నా వెంట వచ్చేవి కావు.

"మంగళవారం గంతులు" అని వెక్కిరించేవాడు లాక్లన్. రిటైరయ్యాక తనే క్లాసుకి వచ్చాడు.

"అమ్మయ్య, అసలైన మగాడొచ్చాడు! ఇంక ఆ పట్టీ తీసెయ్యవే" అంది నాతో జోడీ కట్టే ఎఫీ. తీసేశాను. అతనికి అడుగులు నేర్పాను. చలికాలం వచ్చేసరికి, గొంతు పెద్దదని, క్లాసు నడపడం కమిటీ అతనికే అప్పజెప్పింది. నాకు టీ, బిస్కెట్లు మిగిలాయి.

మొన్న శనివారం వార్షిక నృత్యంలో అతని జోడీగా ఆడాను. చేతులు పట్టుకుని వరుసల మధ్యగా వెళ్ళి తిరిగొచ్చాక ఎవరి వైపుకి వాళ్ళు విడిపోవాలి. నా కాళ్ళు మగవాళ్ళ వైపు పోయాయి. వెళ్ళి అతన్నే గుద్దుకున్నాను.

"చూశారా మా టీచరమ్మని! ఊరంతటికీ నేర్పింది, తనెక్కడ నిలబడాలో మాత్రం తెలీదు!" అని అరిచాడు.

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఏడుపు ఆపుకోవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

"అన్నట్టు, నీ ఎర్రగుడ్డ పెరట్లో రాస్‌బెర్రీ కొమ్మలు వాలకుండా కట్టాను. ఊరికే పడుంది కదా" అన్నాడిప్పుడు లాక్లన్.

"మంచిదే" అన్నాను. కిటికీలోంచి చూస్తే వానలో తడిసి నల్లగా కనిపించింది.

అల్మారా మీద రేడియోలో రీల్, మేం ఆడే డాన్సు బాణీ, మొదలైంది. అది నా కుడి వైపుంది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఇస్త్రీ బల్లని రెండు చేతులా పట్టుకుని తిప్పి, అవతలికి వెళ్ళి నిలబడ్డాను. సంగీతం ఎడమ భుజం వైపు వచ్చింది.

"అదేంటి, అటు తిరిగావు?"

"వెలుతురు కోసం" అన్నాను.