తలుపుకు అటుపక్క

గడ్డపోతారంలో మాది మందుల కంపెనీ. పైపులకు రంగులు వేయడం, గోడల మీద హెచ్చరికలు రాయడం నా పని. 'మంట వస్తే తలుపు మూసి గడియ పెట్టండి' అని రెండో బ్లాకు ఇనుప తలుపు మీద రాసింది నేనే. మూడు వారాల కింద అక్కడ రసాయనాలు కలిపే రియాక్టర్ పేలినప్పుడు రాసింది రాసినట్టు చేసిందీ నేనే. తలుపుకు ఇవతల సాల్వెంటు డ్రమ్ములున్నాయి. అవి అంటుకుంటే ఇరవై మందిమి బూడిదయ్యేవాళ్ళం. అందుకని కంపెనీ నాకు శాలువా కప్పింది.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. గడియ పెట్టాక, తలుపుకున్న చిన్న అద్దంలో రాంసేవక్ ముఖం కనిపించింది. బీహారు నుంచి వచ్చిన హెల్పరు. నన్ను చూశాడు. నేనూ చూశాను. గడియ తీయలేదు, పరిగెత్తాను. అతను లోపలే కాలిపోయాడు.

అప్పటి నుంచి ఇంట్లో కుక్కర్ కూసినా వీధిలోకి ఉరుకుతున్నాను. మా ఆవిడ నిషిత పప్పు గిన్నెలోనే ఉడకబెడుతోంది.

ఈరోజు పొద్దున సూపర్‌వైజర్ మధుబాబు సార్ పిలిచాడు. "రేపు ఆఫీసర్లొస్తున్నారయ్యా. రెండో బ్లాకులో ఆ మసి గోడకి సున్నం కొట్టించాను. దాని మీద హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న వర్కర్ బొమ్మ వేసెయ్."

"ఆ బ్లాకుల అడుగు పడ్తలేదు సార్."

"బొమ్మేగా వేసేది, బాంబు కాదుగా."

ఆయనకేం, ఆ రోజు సెలవులో ఉన్నాడు.

హెల్మెట్ బాగానే వచ్చింది. నవ్వే రాలేదు. పళ్ళు వేయబోతే నోరు తెరుచుకుంది. రెండుసార్లు థిన్నర్‌తో తుడిచాను. మూడోసారి కళ్ళు వచ్చేశాయి, అద్దంలోంచి చూసిన అవే కళ్ళు. ఇక తుడవలేదు. ముఖం చుట్టూ అద్దం, అద్దం చుట్టూ తలుపు, గడియ మీద ఒక చెయ్యి వేశాను.

వెనుక చెప్పుల చప్పుడు. రాంసేవక్ తమ్ముడు హరేరామ్. అన్న లాకరులో సామాను తీసుకుపోదామని వచ్చాడు. బొల్లారంలో ఆరేళ్ళుగా పనిచేస్తూ మన మాట పట్టేశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అతను ఏమీ అనకముందే రంగు చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

గోడ దగ్గరికొచ్చి గడియ మీది చెయ్యి చూపించాడు.

"ఆ చెయ్యి ఎవరిది భయ్యా?"

చెబితే ఏం చేస్తాడో తెలియదు. చెప్పకపోతే నేనేమవుతానో తెలుసు.

"నాదే. మీ అన్న లోపల ఉన్నడని సూసిన. సూసి కూడ తియ్యలే."

అతను కొట్టలేదు. కొడితే బాగుండేది. మెల్లగా కింద కూలబడ్డాడు.

"భయమైందా?"

"అయింది. గిప్పుడు కూడ అయితుంది."

"అన్నకు గూడ గట్లనే అయ్యుంటది." ముఖం తుడుచుకున్నాడు. "ఒక్కడే ఉన్నడు భయ్యా. పక్కకు ఇంకొకర్ని వెయ్యి."

"ఎవర్ని వెయ్యాలె?"

"నిన్నే. తలుపుకు అటుపక్క."

రేపు దీని మీద మళ్ళీ సున్నం కొడతారు, నా పని కూడా పోతుంది. బ్రష్ ముంచాను. నన్ను నేను రాంసేవక్ పక్కన వేసుకోవడం మొదలుపెట్టాను. ముఖం వేయడానికి ధైర్యం చాలక, ముందు కాళ్ళు వేశాను.