తాత నడుముకున్న దట్టీ

"అది పనిమనిషే. మీ అమ్మకు పాలివ్వడానికి పెట్టుకున్నారు," అంది గ్రసియేలా పిన్ని, ఫొటో వంక సరిగా చూడనైనా చూడకుండా.

పిన్ని బీరువాలో పాత దుప్పట్ల మడతల్లో దొరికింది ఎల్విరాకు ఆ ఫొటో. తాత కోటూ బూట్లూ వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. పక్కన నేత రవికె తొడుక్కున్న కొండపడుచు ఒట్టికాళ్లతో నిలబడి ఉంది. ఆమె చేతుల్లోని పసిబిడ్డ ఎల్విరా తల్లి. తనను కన్నది స్పెయిన్ వంశపు ఆడపడుచనీ, పురిట్లోనే పోయిందనీ వింటూ పెరిగిన తల్లి, ఆ మాటే నమ్మి మూడేళ్ల కిందట కన్నుమూసింది.

పనిమనిషి ఫొటో అంత భద్రంగా దాస్తారా ఎవరైనా? ఎల్విరాకు నమ్మబుద్ధి కాలేదు. మర్నాడే షేలా పట్నపు అంగడిలో నేతబట్టలమ్మే తొమాసా దగ్గరికి వెళ్లింది. రవికె చూసి ఊరు చెప్పడం ఆ ముసలామెకు మంచినీళ్లు తాగినంత తేలిక.

"మెడ చుట్టూ చంద్రవంకలు, భుజాల మీద జంట జింకలు. ఇది చూయ్‌తున్ నేత. పైగా పెళ్లిరవికె. అంట్లు తోముతూ వేసుకునేది కాదమ్మా."

"ఎవరైనా ఇచ్చారేమో, అవ్వా."

"నీ కళ్లు ఎక్కడ పెట్టుకున్నావే తల్లీ? ఆయనగారి నడుము చూడు!"

కోటు గుండీలు విడిన చోట తాత నడుముకు చుట్టిన నేత దట్టీ కనిపించింది. దాని మీదా అవే జింకలు.

"ఒకే చేతి నేత. ఆ ఊళ్లో ఆడది దట్టీ నేసి కట్టేది మొగుడికే. యజమాని చొక్కా ఉతికే పనిమనిషిని చూశాను గానీ, దట్టీ నేసే పనిమనిషిని నేనెక్కడా చూళ్లేదు," అని తొమాసా పకపకా నవ్వింది. ఎల్విరాకు నవ్వు రాలేదు.

ఆదివారం కొండ బస్సెక్కి చూయ్‌తున్‌కు వెళ్లింది. అక్కడ ఫొటో పదిమంది చేతులు మారి, ఎనభై ఏళ్ల పస్కువల్ ఒళ్లోకి చేరింది.

"మికయేలా. మా మేనత్త. మీ తాత మా పద్ధతిలోనే పెళ్లాడాడు బిడ్డా. తర్వాత పెద్దింటి సంబంధం వచ్చింది. చర్చిలో కాలేదు గనక అది పెళ్లే కాదన్నాడు. బిడ్డను ఉంచుకుని తల్లిని తరిమేశాడు."

"మళ్లీ రాలేదా ఆమె?"

"రాకేం? ఏటా నడిచి వచ్చేది. ఒక ఏడు నేనూ వెంట వెళ్లాను. పచ్చగౌను పిల్ల తలుపు తీసి, మీ కూతురు చచ్చిపోయిందని చెప్పింది. దారంతా గుండెలు బాదుకుంది అత్త. చచ్చేదాకా ఆ బిడ్డ పేరున కొవ్వొత్తి వెలిగించింది."

ఆ ఏడు తల్లి బతికే ఉంది. ఆ ఇంట్లోనే ఉంది. ఆ పచ్చగౌను పిల్ల ఎవరో ఎల్విరా ఎవర్నీ అడగక్కర్లేదు. తల్లి కాక ఆ ఇంట్లో ఉన్న ఆడపిల్ల, ఆ పెద్దింటి భార్యకు పుట్టిన గ్రసియేలా పిన్ని ఒక్కతే.

తిన్నగా వెళ్లి, కాఫీ తాగుతున్న పిన్ని ముందు ఫొటో పెట్టింది. "చెప్పు పిన్నీ. ఎవరు చచ్చిపోయారు?"

పిన్ని కప్పు కింద పెట్టింది. "అప్పుడు నాకు పదహారేళ్లే. మా అమ్మ చెప్పమంది, చెప్పాను."

"ఆ రోజు పదహారేళ్లు. తర్వాత నీకు ఇరవై రాలేదా? నలభై రాలేదా? అమ్మ నీ పక్కనే కూర్చుని ముద్ద తిన్నప్పుడల్లా నీ నోరెక్కడికి పోయింది?"

"పరువు కోసమే. మిమ్మల్ని కొండజాతి పిల్లలని వేలెత్తి చూపించకూడదనే..."

"మా పేరు చెప్పకు! తల్లికి కూతుర్ని చంపావు, కూతురికి తల్లిని చంపావు. ఇంకా పరువంటున్నావు!"

పిన్ని ఏడ్చింది. ఎల్విరా ఓదార్చలేదు. ఓదార్చాలని కూడా అనిపించలేదు.

ఆ వారమే శ్మశానానికి రాయి చెక్కేవాణ్ని తీసుకెళ్లి, తల్లి సమాధి మీద "మికయేలా కూతురు" అని చెక్కించింది. విషయం తెలిసి పిన్ని కబురంపింది: బంధువులు నవ్వుతారు, ఆపించమని.

"లోతుగా చెక్కు," అంది ఎల్విరా పనివాడితో. "దూరాన్నుంచి కూడా చదవగలగాలి."