శనివారం లారీ

నేను ఒక సిపాయి నీళ్ల బుడ్డిని. ఇనపరేకుతో చేసి, పైన మందపాటి ఉన్నిగుడ్డ కుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజులవి. కర్మాగారంలో నాతోపాటు వేల బుడ్లు తయారయ్యాయి. ఎవరి నడుముకు వేలాడాలో మా చేతుల్లో లేదు. నాకు దక్కినవాడు విల్ఫ్ కార్మోడీ. ఆస్ట్రేలియాలో గొర్రెలు పెంచుకునే ఇంటి పిల్లాడు. పదహారేళ్లకే పంతొమ్మిదని చెప్పి సైన్యంలో చేరాడు. పేరు రాసుకున్న గుమాస్తా వాడి నున్నటి మూతి చూసి నవ్వాడే గాని, మరేమీ అడగలేదు.

ఫ్రాన్సులో కందకాలకు చేరిన మూడోవారానికే వాడి సరదా తీరిపోయింది. ఫిరంగి పేలినప్పుడల్లా నన్ను రెండుచేతులా పట్టుకుని వణికేవాడు. ఒక మంగళవారం కెప్టెన్ పిలిపించాడు. ఆయన చేతిలో ఉత్తరం ఉంది.

"మీ అమ్మ రాసింది. నీకు పదహారేనటగా?"

విల్ఫ్ తలొంచుకున్నాడు. "అవును సార్."

"సరే. శనివారం లారీలో నిన్ను వెనక్కి పంపిస్తాను. ఇది నా మాట."

ఆ నాలుగు రోజులూ వాడి కాళ్లు నేలమీద నిలవలేదు. మంచి దుప్పటి ఉంటే స్నేహితుడు డూగల్‌కి ఇచ్చేశాడు.

శనివారం తెల్లవారేసరికి దాడికి ఆజ్ఞ వచ్చింది. మూట కట్టుకుని నిలబడ్డ విల్ఫ్ మొహం చూడకుండానే కెప్టెన్ అన్నాడు: "మనుషులు చాలడం లేదు. ఈ ఒక్కపూటకి వెళ్లు. లారీ రేపూ వస్తుంది."

"మాటిచ్చారు కదా సార్!"

కెప్టెన్ అప్పటికే పక్కవాడితో మాట్లాడుతున్నాడు.

ముళ్లకంచె దాటకముందే విల్ఫ్ కడుపులో తూటా దిగి పడిపోయాడు. డూగల్ పాక్కుంటూ వచ్చి, నా మూత తీసి వాడి పెదాలు తడిపాడు.

"లారీ వెళ్లిపోయిందా?"

"లేదురా, నీకోసమే ఆపారు."

మనుషులాడిన అబద్ధాల్లో నాకు నచ్చింది అదొక్కటే. అది విన్నాక విల్ఫ్ ఇక మాట్లాడలేదు.

యుద్ధం ముగిశాక డూగల్ నన్ను విల్ఫ్ తల్లి దగ్గరికి తీసుకెళ్లాడు. ముందుగదిలో కెప్టెన్ సంతాప లేఖ పటం కట్టి ఉంది: 'మీవాడు ఇష్టపడి ముందుకురికాడు.'

"నా ఉత్తరం వేళకి అందుంటే బతికేవాడు," అంది ఆమె. "ఓడలో ఎక్కడో పోయినట్టుంది."

డూగల్ టీకప్పు కింద పెట్టాడు. "పోలేదమ్మా. నాలుగు రోజుల ముందే అందింది. కెప్టెన్ చదివాడు."

ఆమె ఏడవలేదు. లేచి పటం దించి, బోర్లించి నేలమీద పెట్టింది. నన్ను ఒళ్లోకి తీసుకుంది.

"ఆ నాలుగు రోజులూ వాడెలా ఉన్నాడో చెప్పు నాయనా."

పొద్దుగుంకే దాకా డూగల్ చెబుతూనే ఉన్నాడు. ఆ దాడికి కెప్టెన్‌గారికి పతకం ఇచ్చారన్న సంగతి మాత్రం నోటిదాకా వచ్చినా మింగేశాడు.