మిర్చి బస్తాల మధ్య చలి

ఖమ్మంలో పరుపుల దుకాణం నడిపే వజీర్‌కు చలికొండల గురించి ఏమీ తెలియదు. డిగ్రీ రెండో ఏడు చదివే కూతురు ఫరహా హిమాలయాలకు వెళ్తానన్నప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న న్యాయమైనదే.

"ఆడ మనోళ్లెవరున్నరు?"

"ఎవరు లేరు అబ్బాజాన్. ట్రెక్కింగు. కొండలెక్కి నడుసుడు."

"నడుసుడు ఖమ్మంల లేదా?"

కాలేజీ నుంచి పదిమంది అమ్మాయిలు, తోడుగా ఒక మేడం, మే నెలాఖరున బయలుదేరుతున్నారు. ఫారంలో రెండు దారులున్నాయి. ఒకటి నాలుగు రోజులది, తొమ్మిది వేల అడుగుల దాకా. రెండోది ఎనిమిది రోజులది, పద్నాలుగు వేల అడుగులకు. ఫరహా పెద్దదానికి పెన్సిలుతో టిక్కు పెట్టి తెచ్చింది. "పోనియ్యుండ్రి, అందరు ఆడపిల్లలే గద" అంది భార్య హాజిరా. వజీర్ సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. అక్కడ దేంట్లో పడుకుంటారో చూపించమన్నాడు.

ఫరహా వెళ్లి మేడం దగ్గర స్లీపింగ్ బ్యాగు అడిగి తెచ్చింది. డాక్టరు కడుపు నొక్కి చూసినట్టు వజీర్ దాన్ని అంతటా నొక్కి చూశాడు.

"దూది ఏది?"

"దూది కాదబ్బా. వేరే ఏదో."

ఆ 'వేరే ఏదో' ఆయన మనసుకు తగిలింది. తాత కాలం నుంచి ఆ దుకాణంలో దూది తప్ప వేరే ఏదీ అమ్మలేదు. నాలుగు రోజులు కూర్చుని, మంచి దూదితో సంచిలాంటి రజాయి ఒకటి తానే కుట్టాడు. ఇప్పుడు రెండిట్లో ఏది మేలో తేల్చాలంటే చలి కావాలి. మే నెలలో ఖమ్మంలో చలి ఉండేది ఒక్కచోటే. రెండూ చంకన పెట్టుకుని మిర్చి కోల్డ్ స్టోరేజీకి పోయాడు. అక్కడి సూపర్‌వైజరు పోతయ్య పాత గిరాకీ.

"ఏం పెట్టాలె సేటూ లోపట?"

"నన్ను."

పోతయ్య తాళంచెవి తీశాడు. "ఎంతసేపు?" అన్నాడు.

బయట నలభై అయిదు డిగ్రీల ఎండ. లోపల మిర్చి బస్తాల సందున వజీర్ మొదట తన రజాయిలో దూరాడు. ఘాటుకు తుమ్ములు ఆగలేదు. ముప్పావుగంటకు కుట్టు కుట్టు నుంచీ చలి లోపలికి వచ్చింది. తర్వాత ఆ 'వేరే ఏదో' దాంట్లో దూరాడు. పోతయ్య వచ్చి లేపాల్సి వచ్చింది. ఎర్రటి కళ్లతో, కారుతున్న ముక్కుతో బయటికొస్తుంటే హమాలీలు లేచి నిలబడ్డారు.

"ఎవరు పోయిండ్రు సేటూ?" అన్నాడొకడు.

"ఎవరు పోలే. అదే మంచిగున్నది" అన్నాడు వజీర్.

రజాయిని దుకాణంలో అమ్మకానికి పెట్టాడు. కూతురితో, "అవ్, వెచ్చగనే ఉన్నది. ఇగ మోసుడు సూడాలె" అన్నాడు.

ఆదివారం ఇద్దరూ తొలి బస్సుకు దుమ్ముగూడెం అవతలి పల్లెకు వెళ్లారు. అక్కడి జంపయ్య ఏటా ఎండాకాలం అడవి నుంచి బూరుగు దూది తెచ్చి వజీర్‌కు అమ్ముతాడు. ఊరి వెనకే గుట్ట. బరువు కోసం ఫరహా వీపు సంచిలో పది కిలోల పత్తి గింజలు పోశారు.

"పైన ఏమున్నదని పోతున్రు?" అన్నాడు జంపయ్య.

"ఏం లేదు. అలవాటుకు" అన్నాడు వజీర్.

"బూరుగు చెట్టున్నది. ఎట్లనన్న పోతున్నం గద" అంటూ జంపయ్య ఖాళీ గోతాం భుజాన వేసుకున్నాడు. "మాట్లాడుకుంట నడువుండ్రి. మాట ఆగితే ఆగాలె."

వజీర్ దూది ధరల గురించి మొదలుపెట్టాడు. కాసేపటికి ధరలు ఆగిపోయాయి. జంపయ్య వెనక్కి చూసి నిలబడ్డాడు. అట్లా ఏడుసార్లు ఆగి గుట్ట ఎక్కారు. ఫరహా ముందే చేరి, సంచి దించకుండా గోదారి చూస్తూ నిలబడింది. దిగేటప్పుడే ఆమెకు చిక్కొచ్చింది. రెండుసార్లు జారింది. సగం దూరంలో రాయి మీద కూలబడింది. మోకాళ్లు వణుకుతున్నాయి.

"అబ్బా, ఈసారి చిన్నదానికే పోత."

"ఎందుకు?"

"గింత గుట్టకే కాళ్లు ఆగుతలేవు. ఇంక ఇరవై రోజులే ఉన్నయి. ఆడ ఎనిమిది రోజులు గిట్ల మొయ్యాలె."

వజీర్‌కు కోపమొచ్చింది. "మిర్చిల పండుకున్న నేను! చిన్నదానికా? పెద్దదానికే పో, సంతకం పెడ్త."

"నడిసేది నేనబ్బా."

వజీర్ సాయం కోసం జంపయ్య వైపు చూశాడు.

"బిడ్డ మోకాలు బిడ్డకే ఎరుక సేటూ" అన్నాడు జంపయ్య, నిండిన గోతాం సర్దుకుంటూ.

నెల రోజులుగా గుండెలో ఉన్న భయం దిగిపోయిందని వజీర్‌కు తెలుస్తూనే ఉంది. దాంతోపాటు ఇంకేదో కూడా పోయినట్టు వెలితిగా ఉంది. రెండూ బయటపడనియ్యకుండా బస్సు ఎక్కాడు. ఇంటికొచ్చాక రబ్బరుతో ఆ పెన్సిలు టిక్కు తానే చెరిపి, చిన్నదానికి పెన్నుతో పెట్టి, కింద సంతకం చేశాడు. తర్వాతి రెండు ఆదివారాలూ కూతురితో గుట్టకు పోయాడు. మూడోసారి ఆమె జారకుండా దిగింది. ఆయన మాత్రం ఏడుచోట్లా ఆగాడు.

జూన్ మొదటి వారంలో దుకాణానికి ఫోనొచ్చింది.

"అబ్బా, కొండ దిగినం. అందరం మంచిగున్నం."

"మోకాళ్లు?"

"ఏం కాలే."

"మంచు ఉండెనా?"

"ఒక్కతాన ఉండె. తొక్కిన."

ఫోను పెట్టేసి వజీర్ ఇటు తిరిగాడు. ఎదురుగా ఏన్కూరు నుంచి వచ్చిన ఆసామి పరుపు ఒత్తి చూస్తున్నాడు.

"మా బిడ్డ మంచు తొక్కింది" అన్నాడు వజీర్.

"ఇదేం దూది?" అన్నాడు ఆసామి.

బూరుగు దూదని చెప్పి, మంచు సంగతి వజీర్ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు.